రంగునీళ్ల పరిశోధనకు భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి విశాఖపట్నంలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరం చదువుతోంది. నీటిలోని రంగులను తొలగించే కండక్టింగ్ పాలిమర్ కాంపోజిట్ల మీద ప్రాజెక్టు చేసింది. అదే అంశంపై పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఫార్మా కంపెనీలో ఉద్యోగం వచ్చేలా ఉంది. ఆ ఉద్యోగం వద్దనుకోమంటారా?

జవాబు: అమ్మాయికి నిజంగా ఆసక్తి ఉంటే పీహెచ్‌డీకే పంపండి. అయితే ఎవరి దగ్గర, ఏ ఫెలోషిప్‌తో అన్నది తేలాకే ఉద్యోగం వద్దనుకోవాలి. ఈ రంగంలో గట్టి పరిశోధన ఉంది, పత్రాల లెక్క పెంచుకోవడానికి చేసే పనీ బోలెడంత ఉంది.

ఆమె చేసిన పని ఎలాంటిదో చెబుతాను. ఆమ్లంలో కలిపిన అనిలీన్‌ను మంచులో ఉంచి, అందులో అమ్మోనియం పర్‌సల్ఫేట్ ద్రావణాన్ని చుక్కచుక్కగా వేస్తారు. కాసేపటికి ద్రావణం నీలం రంగుకు తిరుగుతుంది, చివరికి ముదురాకుపచ్చ పొడి అడుగుకు చేరుతుంది. అదే పాలీఅనిలీన్. పాలిమరే అయినా విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. ఇలాంటి పాలిమర్లకు బాట వేసిన హీగర్, మెక్‌డయార్మిడ్, షిరకావాలకు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ ఆకుపచ్చ రూపంలో గొలుసుల మీద ధనావేశం ఉంటుంది కాబట్టి కాంగో రెడ్, మిథైల్ ఆరెంజ్ వంటి రుణావేశపు రంగులను పట్టుకుంటుంది. దీనికి మరో పదార్థాన్ని జోడిస్తే అదే కాంపోజిట్. టైటానియం డయాక్సైడ్ ఒంటరిగా అతినీలలోహిత కిరణాలకే పనిచేస్తుంది, పాలీఅనిలీన్ తోడైతే మామూలు వెలుతురులోనూ రంగు అణువులను విరగ్గొట్టగలదు. మాగ్నటైట్ అనే ఇనుప ఆక్సైడ్ కలిపితే పని పూర్తయ్యాక పొడిని అయస్కాంతంతో లాగేయవచ్చు.

చిక్కంతా ఆ తర్వాతే. డిస్టిల్డ్ వాటర్‌లో మిథిలీన్ బ్లూ అనే రంగు కలపడం, అది వెలుతురును పీల్చుకునే 664 నానోమీటర్ల దగ్గర శోషణ పడిపోయిందని చూపడం, రంగంతా పోయిందని రాయడం... ఇలాంటి పత్రాలు కోకొల్లలు. రంగు పోయినంత మాత్రాన కాలుష్యం పోయినట్టు కాదు. అణువు విరిగి మరో హానికర పదార్థంగా మిగలవచ్చు. పొడికి అంటుకుని ఉంటే, ఆ పొడిని ఎక్కడ పారేయాలి? పైగా ఫ్యాక్టరీ నీటిలో లవణాలు, సబ్బులు, ద్రావకాలు కలిసి ఉంటాయి, అవన్నీ రంగుతో పోటీపడి పొడిని ఆక్రమిస్తాయి.

పటాన్‌చెరు సంగతే చూడండి. అక్కడి ఔషధ పరిశ్రమల వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకుల బృందం ప్రచురించింది. మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. ఆ నీటికి రంగు లేకపోయినా ప్రమాదం ఉంది. మీ అమ్మాయి ఐదేళ్లు పెట్టదగిన సమస్య ఇదీ.

అందుకే గైడును ఎంచుకునేటప్పుడు సూటిగా అడగమనండి: నిజమైన పరిశ్రమ నీటితో ప్రయోగాలు చేస్తారా? రంగుతో పాటు మొత్తం సేంద్రియ కార్బన్, సీఓడీ (నీటిలోని మలినాలను రసాయనికంగా ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్) కూడా కొలుస్తారా? పొడిని మళ్లీ వాడితే పనితనం ఎంత నిలుస్తోంది? పాలిమర్ నుంచి అనిలీన్ తిరిగి నీటిలోకి కారుతోందేమో చూస్తున్నారా? ఈ నాలుగింటికి తడుముకోకుండా జవాబు చెప్పే ప్రయోగశాలకు మార్కులు వేయవచ్చు, అది ఎంత చిన్నదైనా సరే.

దారి తెలిసిందే. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) సాధిస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. కెమిస్ట్రీ గేట్ కూడా రాయమనండి. హైదరాబాద్ తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ, ఐఐటీ హైదరాబాద్, ఐఐటీ తిరుపతి... ఇవన్నీ చూడదగినవే.

'కండక్టింగ్ పాలిమర్ నిపుణులు కావలెను' అని ఉద్యోగ ప్రకటనలు రావడం అరుదు. కంపెనీలు చూసేది హెచ్‌పీఎల్‌సీ, ఎల్‌సీ-ఎంఎస్ వంటి విశ్లేషణ పరికరాల మీద చేయి తిరిగిందా, వ్యర్థజలం నమూనాను సరిగా పరీక్షించగలదా అని. నీటి శుద్ధి సంస్థలు, ఫార్మా కంపెనీల పర్యావరణ విభాగాలు, కాలుష్య నియంత్రణ మండలి ప్రయోగశాలలు ఆ నైపుణ్యానికే విలువిస్తాయి. జేఆర్‌ఎఫ్ రాకపోతే మీరు చెప్పిన ఉద్యోగంలోనే చేరనివ్వండి, కానీ విశ్లేషణ విభాగమో, వ్యర్థజలాల విభాగమో అడిగి తీసుకోమనండి. ఉద్యోగం చేస్తూ మళ్లీ నెట్ రాయవచ్చు.

ఈలోగా పరవాడ ఫార్మాసిటీలో తెలిసినవారెవరైనా ఉంటే, అనుమతి తీసుకుని ఏదైనా కంపెనీ వ్యర్థజలాల శుద్ధి కేంద్రాన్ని (ఈటీపీ) ఒకరోజు చూపించండి. అక్కడి కెమిస్టు పక్కన నిలబడి సీఓడీ పరీక్ష మొదటి నుంచి చివరి దాకా చూసి, తన పొడి ఆ నీటిలో నిలుస్తుందా అని ఆయన్నే అడగమనండి.