మెస్‌లో మిగిలింది కంపోస్ట్ చేయిస్తానన్న అమ్మలుకి

అమ్మలూ,

మీ హాస్టల్ మెస్‌లో మిగిలిన అన్నం, కూరలు అన్నీ క్యాంపస్‌లోనే కంపోస్ట్ చేయిస్తానని వార్డెన్ దగ్గర ఒప్పుకున్నావంట, మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా గర్వంగా ఉంది తల్లీ. కానీ రాత్రి నిద్ర పట్టలేదు, నీకు చిన్నప్పట్నుంచీ పిల్లికూతలు కదా. కుప్ప తిరగేసేటప్పుడు తెల్లటి పొడి లేస్తుంది, అందులో బూజు ఉంటుంది, అది నీ ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. ఎన్95 మాస్క్ లేకుండా దాని దగ్గరికి వెళ్ళావని తెలిసిందా, ఊరుకోను. పొడిగా ఉంటే ముందు నీళ్ళు చిలకరించి అప్పుడు తిరగెయ్యండి. ఇన్‌హేలర్ రూమ్‌లో కాదు, జేబులో ఉండాలి.

ప్లాస్టిక్ ఏరడం, సాంబారు రసం వార్చేసి గట్టిదే వెయ్యడం, ఎలుకలు రాకుండా జాలీ కట్టించడం, ఇవి నీకు తెలిసినవే.

నా భయమల్లా మెషీన్ గురించి. 24 గంటల్లో కంపోస్ట్ అయిపోద్దని ఎవరో ఒకరు మీ వార్డెన్ దగ్గరికి తప్పకుండా వస్తారు. 2012లో మావళ్ళిపుర డంపు మూతపడి బెంగళూరు రోడ్ల మీద చెత్త గుట్టలు పడ్డాయి, నువ్వప్పుడు చిన్నపిల్లవి. ఆ కంగారులో మా అపార్ట్‌మెంట్ కమిటీ వాళ్ళు అలాంటి మెషీనే కొన్నారు. సాయంత్రం చెత్త వేస్తే పొద్దునకి కాఫీ పొడిలా వచ్చింది, అందరూ చప్పట్లు, ఇంటింటికీ కవర్లలో పంచారు. మీ పెదనాన్న మదనపల్లె నుంచి తెచ్చి పెంచుకున్న కరివేపాకు చెట్టు మొదట్లో రెండు దోసిళ్ళు వేసి నీళ్ళు పోశారు. రెండు మూడు రోజులకే మట్టి మీద తెల్లగా బూజు, పాచిపోయిన కూర కంపు, తర్వాత ఆకులు పసుపెక్కి రాలిపోయి చెట్టు పోయింది. ఆయన చాలా రోజులు బాల్కనీలోకే వెళ్ళలేదమ్మా.

ఎందుకట్లా అయిందంటే, మెషీన్ చేసింది వేడిచేసి, పొడిచేసి, ఎండబెట్టడం అంతే, కుళ్ళాల్సిన పని అసలు మొదలే కాలేదు, తడి తగలగానే అదంతా వేళ్ళ దగ్గర మొదలైంది, వేళ్ళకి గాలి అందలేదు, దానికి తోడు కూరల్లో ఉప్పు. తర్వాత మిగిలిన పొడిని ఎండాకులతో కలిపి రెండు నెలలు కుప్ప వేస్తే బ్రహ్మాండమైన ఎరువు అయింది. మరి ఆ కరెంటు బిల్లు దేనికి కట్టినట్టు?

అందుకే డబ్బు ఇప్పిస్తామంటే షెడ్డు అడుగు, ఎండాకులు దాచడానికి. మిగిలిన అన్నం కూరల్లో ఎండాకు కన్నా నత్రజని ఎక్కువ, ఆకులో కార్బన్ ఎక్కువ, కుప్ప మొత్తం మీద కార్బన్ 30 పాళ్ళకి నత్రజని 1 పాలు దగ్గర ఉంటే కంపు పెద్దగా రాదు. బకెట్ అన్నానికి రెండు బకెట్ల ఆకు వేసి మొదలుపెట్టు. ఇక్కడ ఆకు రాలేది జనవరి నుంచి మార్చి దాకా, నీకు బాగా కావాల్సింది వానల్లో, కాబట్టి ఊడ్చేవాళ్ళు తగలబెట్టకముందే వాళ్ళతో మాట్లాడుకో, మర్యాదగా.

మా తాత దిబ్బలో గడ్డపార దించి కాసేపాగి తీసి, నా చెయ్యి పట్టుకుని దానికి ఆనించేవాడు. చురుక్కుమంటే ఎరువు పండుతోందని అర్థం. నువ్వు థర్మామీటర్ కొనుక్కో, 55 డిగ్రీలు దాటి మూడు రోజులన్నా నిలబడాలి, అప్పుడే రోగాల క్రిములు చస్తాయి. గుప్పెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కడితే ఇంకా ఆకు కలపాలి. తెల్ల పురుగులు కనబడితే కేకలు పెట్టకండి, అవి చాలావరకు మీ పని చేసేవే.

అయిందనుకున్నాక కుండీలో వేసి మెంతులు చల్లు. బాగా మొలిస్తేనే పంచు, వైస్ ఛాన్సలర్ ఫోటోకి టైమైందని తొందరపెట్టినా సరే పంచొద్దు.

సెలవుల్లో మీరంతా ఊళ్ళకెళ్తే కుప్ప ఎవరు చూస్తారు? తోటమాలితో ఇప్పుడే మాట్లాడి, ఆ పనికి వేరే డబ్బులిప్పించు. ఆదివారం ఆటో తీసుకుని మా ఇంటికి రా, తయారైన ఎరువు రెండు గోతాలు కట్టి ఉంచుతా, మొదటి కుప్పకి అదే తోడు. భోజనం ఇక్కడే.

పెద్దమ్మ