తల్లి లేని దూడకు పాలు పట్టడం ఎలా?

ప్రశ్న: డాక్టరుగారూ, మా గేదె మొన్న రాత్రి ఈని, తెల్లవారేసరికి చనిపోయింది. దున్నదూడ మిగిలింది. పక్కింటి బాబాయిగారు వెదురు గొట్టంతో ఆవుపాలు పోస్తున్నారు. సగం ముక్కులోంచి వచ్చేస్తున్నాయి, దూడ దగ్గుతోంది. దున్నదూడే కదా, ఎందుకీ తాపత్రయం అంటున్నారు ఇంట్లో. నాకు వదిలేయాలని లేదు.
– ఒక పాఠకురాలు, ఐ. పోలవరం మండలం

జవాబు: అమ్మా, మీ సందేశం చూసిన పూటే ఫోనులో కొంత చెప్పాను. దగ్గు చూపించడానికి పశువైద్యుణ్ణి పిలిపించారని విని స్థిమితపడ్డాను. మిగతాది అందరి కోసం రాస్తున్నాను.

ముందు ఆ గొట్టం మాన్పించండి. దూడ మెడ చాచి చీకినప్పుడు పొట్టలోని ఒక గాడి మడతపడి మూసుకుంటుంది. పాలు పెద్దపొట్టలో పడకుండా నేరుగా నాలుగో గదికి చేరి అరుగుతాయి. తల పైకెత్తి పోస్తే కొన్ని ఊపిరితిత్తుల్లోకి పోతాయి, కొన్ని పెద్దపొట్టలో పడి పులుస్తాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక లంక గ్రామంలో, వరద పెరుగుతోందని పడవ అందుకునే తొందరలో నేనే ఒక పెయ్యదూడకు ఇలా పోశాను. మూడో రోజుకు న్యుమోనియాతో పోయింది. ఆ ఇంటి ఇల్లాలు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఇన్నేళ్లయినా ఆ దూడ నా కళ్లముందే ఉంది.

రబ్బరు పీక ఉన్న సీసా తీసుకోండి. తలకిందులు చేస్తే పాలు చుక్కచుక్కగా రాలాలి, ధారగా కారకూడదు. దూడ నిలబడి ఉండగా, తల్లి పొదుగు ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో పట్టుకోండి. చీకకపోతే మీ వేలు పాలలో ముంచి నోట్లో పెట్టండి. వేలు చీకుతుండగా మెల్లగా పీక అందించండి. రెండు మూడు పూటలు మొండికేసినా విసుగు పడకండి. పాలు ఒంటి వేడికి సరిపడా గోరువెచ్చగా ఉండాలి. ముప్పై కిలోల దూడకు రోజుకు సుమారు 3 లీటర్లు, మూడు నాలుగు విడతలుగా పట్టండి.

ఇక జున్నుపాలు. దూడకు రోగనిరోధక శక్తి తల్లి కడుపులో అందదు, ఈ పాలతోనే అందాలి. పుట్టిన మొదటి గంటల్లోనే పట్టాలి, 24 గంటలు దాటితే పేగులు ఆ శక్తిని పీల్చుకోలేవు. మీ దూడకు ఆ గడువు దాటిపోయింది కాబట్టి శుభ్రత విషయంలో రెట్టింపు జాగ్రత్త కావాలి. జున్ను వండి ఇరుగుపొరుగుకు పంచే మన ఆనవాయితీ నాకూ ఇష్టమే. కానీ ఊళ్లో ఏ గేదె ఈనినా, దాని దూడ తాగాక, ఒక్క లీటరు ఫ్రీజర్‌లో దాచండి. అవసరమైనప్పుడు సీసాను చెయ్యి ఓర్చుకునే వేడినీళ్లలో ఉంచి కరిగించండి. పొయ్యి మీద పెడితే జున్నే అవుతుంది, దూడకు పనికిరాదు.

బొడ్డుకు టింక్చర్ అయోడిన్ రాయండి. కింద వరిగడ్డి తడవగానే మార్చండి. పారుడు పట్టినా పాలు ఆపవద్దు, మధ్యమధ్య ఓఆర్ఎస్ నీళ్లు విడిగా పట్టండి. పది రోజులు దాటగానే ఏలికపాముల మందు వేయించాలి. రెండో వారం నుంచి లేత పిల్లిపెసర నాలుగు పరకలు అందుబాటులో ఉంచండి.

దున్నదూడ అన్న మాటకు నా జవాబు ఒకటే. ఆకలికి ఆడా మగా తేడా లేదు. మీరు పట్టుదలగా ఉన్నారు కాబట్టి ఈ దూడ బతుకుతుందన్న నమ్మకం నాకుంది. ఊపిరి వేగంగా తీసుకున్నా, పీక వదిలేసినా ఆ పూటే నాకు ఫోను చేయండి.