దీవి చుట్టూ నీళ్లు ఎవరివి?

ప్రశ్న: సర్, రెండో ప్రపంచ యుద్ధంలో రబౌల్‌లో జపాన్ సైనికులు లక్షకు దగ్గరగా ఉండేవారని చదివాను. అమెరికా వాళ్ల జోలికి పోకుండా ముందుకు సాగిపోయిందట. వెనక అంత సైన్యాన్ని వదిలెయ్యడం ప్రమాదం కాదా?
– డిగ్రీ చదువుతున్న ఒక పాఠకుడు

జవాబు: నేల మీదైతే ముమ్మాటికీ ప్రమాదమే. వెనక మిగిలిన సైన్యం రాత్రికి రాత్రి నడిచొచ్చి మీ సరఫరా దారిని తెగ్గొట్టేస్తుంది. కానీ రబౌల్ ఉన్నది పసిఫిక్‌లోని న్యూ బ్రిటన్ దీవిలో. అక్కడి సైనికులకు తుపాకులున్నాయి, సొరంగాలున్నాయి. బయటికి రావడానికి మాత్రం ఓడల్లేవు. 1944 ఫిబ్రవరిలో జపాన్ తన యుద్ధ విమానాలను కూడా అక్కణ్ణుంచి తీసేసింది. ఆ లక్షమందీ కూరగాయలు పండించుకుంటూ 1945 ఆగస్టు దాకా అక్కడే ఉండిపోయారు.

క్లాసులో ఈ తేడా చెప్పాల్సి వస్తే నేను ఎప్పుడూ పసిఫిక్‌లోనే ఉన్న గ్వాడల్‌కెనాల్ దీవి మ్యాపే గోడకు తగిలించేవాణ్ణి. 1942 ఆగస్టు 7న అమెరికన్ మెరైన్లు, అంటే ఓడల మీంచి దిగి పోరాడే సైనికులు, అక్కడ దిగారు. జపాన్ వాళ్లు కడుతున్న విమానాశ్రయం మర్నాటికల్లా వాళ్ల చేతికొచ్చింది. నేల మీద లెక్కయితే అది గెలుపే. కానీ ఆ రాత్రే సావో దీవి దగ్గర జపాన్ నౌకాదళం అమెరికా పక్షపు నాలుగు పెద్ద యుద్ధనౌకలను (క్రూజర్లను) ముంచేసింది. దాంతో సామాను పూర్తిగా దించకుండానే రవాణా ఓడలు వెళ్లిపోయాయి. గెలిచి కూర్చున్న మెరైన్లకు రోజుకు రెండు పూటలే తిండి, అందులో కొంత జపాన్ వాళ్లు వదిలేసి పోయిన బియ్యమే.

ఆగస్టు 20న ఆ రన్‌వే మీద అమెరికన్ విమానాలు దిగాక పరిస్థితి తిరగబడింది. పగలు సముద్రం అమెరికాది, రాత్రి జపాన్‌ది. నెమ్మదిగా నడిచే సరుకు ఓడలు తెల్లారేలోపు వచ్చి వెళ్లలేవు. అందుకని దీవిలో ఉన్న తన సైనికులకు జపాన్ వేగంగా పోయే చిన్న యుద్ధనౌకలతో (డెస్ట్రాయర్లతో) సరుకు పంపింది. ఇనప డ్రమ్ములు కడిగి, తేలేలా సగం దాకా తిండి గింజలు నింపి, తాడుతో వరసగా కట్టేవారు. చీకట్లో ఒడ్డుకు దగ్గరగా వదిలితే, తాడు కొస పట్టుకుని సైనికులు లాక్కోవాలి. డిసెంబరు మొదట్లో ఒక రాత్రి 1,500 డ్రమ్ములు వదిలితే ఒడ్డుకు చేరినవి మూడు వందల చిల్లర. తాళ్లు తెగాయి, లాగేవాళ్లకు ఒంట్లో సత్తువ లేదు. మిగిలినవాటిని తెల్లారాక విమానాలు కాల్చి ముంచేశాయి.

ఆ సైనికుల్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. నేల మీద ఓడిన సైన్యం చెల్లాచెదురైనా ఏదో ఒక ఊరు చేరుతుంది, పొలాల్లో దొరికింది తింటుంది. ఇక్కడ వెనక్కి తిరిగితే సముద్రమే. గ్వాడల్‌కెనాల్‌లో పోరులో చనిపోయిన జపనీయుల కన్నా ఆకలితో, జబ్బులతో పోయినవాళ్లే ఎక్కువ. 1943 ఫిబ్రవరిలో మిగిలిన పది వేల పైచిలుకు మందిని తీసుకుపోవడానికి కూడా మళ్లీ రాత్రిపూట డెస్ట్రాయర్లే రావాల్సి వచ్చింది. ఒక దీవి మీద ఎంతమంది ఉన్నారని కాదు, వాళ్లకు రేపటి తిండి ఏ దారిన వస్తుందని ముందు అడగండి. మీ రబౌల్ సందేహం తీరిపోతుంది.

ప్రశ్న: ఓడలతో, విమానాలతో దీవిని అంతసేపు కొట్టాక ఇక ఒడ్డుకు దిగడంలో కష్టమేముంది?
– మరో పాఠకురాలు

జవాబు: జపాన్ చేతిలో ఉన్న పసిఫిక్ పగడపు దీవుల గుంపు తరావాలో అమెరికన్ కమాండర్లలోనూ కొందరు అలాగే అనుకున్నారమ్మా. 1943 నవంబరు 20న వాళ్లు దిగిన బెటియో దీవి చదరపు కిలోమీటరుకు కాస్త పైన, అంతే. అక్కడ దెబ్బ తీసింది సముద్రపు పోటు తగినంత రాకపోవడం. సైనికుల్ని తెచ్చే పడవలకు సుమారు నాలుగు అడుగుల నీళ్లు కావాలి. ఆ రోజు పగడపు దిబ్బ మీద అంత లోతు లేదు. నీళ్లలోనూ నేల మీదా నడిచే గొలుసు చక్రాల బళ్లు దిబ్బ ఎక్కి పోగలిగాయి కానీ అవి అందరికీ చాలలేదు. వెనక వచ్చినవాళ్లు పడవలు దిగి, ఛాతీ లోతు నీళ్లలో తుపాకులు పైకెత్తి, వందల గజాలు నడిచారు. ఎదురుగా మెషిన్‌గన్లు, దాక్కోవడానికి ఒక గట్టు కూడా లేదు. మూడు రోజుల్లో దాదాపు వెయ్యిమంది అమెరికన్లు చనిపోయారు.

ఆ తర్వాత అమెరికా నౌకాదళం ఈతగాళ్ల దళాలను తయారుచేసింది. దాడికి ముందే వాళ్లు వెళ్లి లోతు కొలిచి, అడ్డంగా ఉన్నవాటిని పేల్చేసి వచ్చేవారు.