నేరం జరిగాక రూల్స్ మారితే యావజ్జీవ ఖైదీ విడుదలకు ఏవి చూస్తారు?

2008లో నేరం, 2011లో శిక్ష, ఆ తర్వాత రాష్ట్ర పాలసీ కఠినమైంది, మా అన్నయ్య పెరోల్‌కు ఏది వర్తిస్తుంది అని మీరు అడిగారు. అయితే మన దగ్గర పెరోల్ కొద్దిరోజుల సెలవు మాత్రమే. మీకు కావలసింది ముందస్తు విడుదల, అంటే రెమిషన్.

ఎంత శిక్ష వేయాలన్నది నేరం జరిగిన రోజు చట్టాన్ని బట్టే ఉంటుంది. రాజ్యాంగం 20(1) అధికరణ చెప్పేది ఇదే. రెమిషన్‌కు మాత్రం ట్రయల్ కోర్టు దోషిగా తేల్చిన తేదీ చూడాలి. ఆ రోజు అమల్లో ఉన్న పాలసీ మీ అన్నయ్యకు వర్తిస్తుంది. తర్వాత వచ్చింది ఇంకా ఉదారంగా ఉంటే దాని లాభమూ ఇవ్వాలని 2010లో హరియాణా వర్సెస్ జగదీశ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి కొత్త కఠిన పాలసీ చూపించి తిరస్కరిస్తే ఒప్పుకోవద్దు.

ఎక్కువమంది తప్పేది లెక్క దగ్గర. మరణశిక్షకు కూడా అవకాశమున్న నేరంలో, ఉదాహరణకు హత్య కేసులో, యావజ్జీవం పడితే పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలోని 433ఎ సెక్షన్ ప్రకారం కనీసం 14 ఏళ్లు నిజంగా జైల్లో గడపాలి. దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో ఇప్పుడది 475వ సెక్షన్. తీర్పుకు ముందు జైల్లో ఉన్న రిమాండ్ రోజులు ఇందులో కలుస్తాయి. జైల్లో పనికో మంచి ప్రవర్తనకో శిక్షలో తగ్గించే రోజులు (వీటినీ రెమిషన్ అనే అంటారు) కలవవు, పెరోల్‌పై బయట ఉన్న రోజులూ కలవవు. అందుకే జైలు సూపరింటెండెంట్ దగ్గర నామినల్ రోల్, అంటే ఖైదీ శిక్ష, గడిపిన రోజుల వివరాల పత్రం తీసుకుని ప్రతి పెరోల్ తేదీనీ మీరే సరిచూసుకోండి.

దరఖాస్తుకు ట్రయల్ కోర్టు తీర్పు సర్టిఫైడ్ కాపీ, 2011లో అమల్లో ఉన్న రెమిషన్ పాలసీ జీఓ జతచేయండి. దరఖాస్తు శిక్ష వేసిన కోర్టు ఉన్న రాష్ట్ర ప్రభుత్వానికే వెళ్లాలి. నేరం వేరే రాష్ట్రంలో జరిగినా, ఖైదీ వేరే రాష్ట్ర జైల్లో ఉన్నా అంతే. బిల్కిస్ బానో కేసులో 2024లో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే. పాలసీ ఉన్న రాష్ట్రం అర్హులైన ఖైదీలను దరఖాస్తు లేకుండానే పరిశీలించాలని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పినా, దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.

రెమిషన్ హక్కు కాదు, న్యాయంగా పరిశీలించమనడం హక్కు. కారణాలు రాయకుండా తిరస్కరిస్తే హైకోర్టులో రిట్ పిటిషన్ వేసి సవాలు చేయొచ్చు. అయితే అన్నిటికన్నా ముందు తుది తీర్పు చివరి పేజీ చదవండి. హైకోర్టో సుప్రీంకోర్టో "ఇన్నేళ్ల వరకు రెమిషన్ లేదు" అని రాసి ఉంటే, ఆ గడువు తీరేదాకా ఏ తేదీ పాలసీ అయినా పనికిరాదు.