నిన్నటిదాకా పక్క సీటు, ఇవాళ టీమ్ లీడర్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా వరకు ఉద్యోగం చేస్తూనే మేనేజ్‌మెంట్ అప్రెంటిస్‌షిప్ చేస్తున్నవాళ్లవే. జీతం వస్తూ ఉంటుంది, వారంలో కొంత టైమ్ ట్రైనింగ్, మిగతా టైమ్ అసలు టీమ్‌తో అసలు పని, చివర్లో ఒక అసెస్‌మెంట్. వాటిలోంచి నాలుగు ఉత్తరాలకి ఇక్కడ జవాబు రాస్తున్నా.

ప్రశ్న: మేడమ్ నమస్తే. ఐదేళ్లుగా ఒకే టీమ్‌లో ఉన్నాను, పని బాగా చేస్తానని పేరుంది, అందుకే నన్ను అప్రెంటిస్‌షిప్‌కి తీసుకుని ఆరుగురి టీమ్ అప్పజెప్పారు. ఆ ఆరుగురిలో నలుగురు నిన్నటిదాకా నాతో కూర్చుని భోజనం చేసినవాళ్లే. పని చెప్తే నవ్వేస్తారు, లేకపోతే చూద్దాంలే అంటారు. గట్టిగా అడగాలంటే నాకు మొహమాటం, చివరికి వాళ్ల పని కూడా రాత్రి కూర్చుని నేనే పూర్తి చేసేస్తున్నా. క్లాసులో వింటున్నప్పుడు అంతా అర్థమైనట్టే ఉంటుంది, మర్నాడు వాళ్ల ముందు నోరు పెగలదు. నాకు లీడర్‌షిప్ రాదేమో.

జవాబు: ముందు ఆ చివరి మాట తీసేయండి. మీకొచ్చింది మీ ఒక్కరి కష్టం కాదు. రెండో ప్రపంచ యుద్ధం టైమ్‌లో అమెరికా ఫ్యాక్టరీల్లోనూ ఇదే జరిగింది, పని బాగా తెలిసినవాళ్లని ఉన్నట్టుండి సూపర్‌వైజర్లని చేశారు, కింద చూస్తే అందరూ కొత్తవాళ్లు. అందుకే 1940 నుంచి 1945 దాకా ట్రైనింగ్ విదిన్ ఇండస్ట్రీ అని ఒక ప్రోగ్రామ్ నడిపారు. ఒక్కో కోర్సు 10 గంటలే, రెండేసి గంటల చొప్పున 5 సార్లు. నాకు అందులో బాగా నచ్చేది ఏంటంటే లెక్చర్ విని వెళ్లిపోవడం ఉండదు, ప్రతి ఒక్కరూ తన సొంత డిపార్ట్‌మెంట్‌లో ఉన్న అసలు సమస్య పట్టుకొచ్చి అందరి ముందు దాన్ని విప్పి చూపించాలి. మీరు కూడా క్లాసుకి అలాగే వెళ్లండి, అంటే నోట్స్ రాసుకోవడానికి కాకుండా ఈ వారం నన్ను నిద్రపోనివ్వని విషయం ఇదీ అని చెప్పడానికి.

ఇక మీ ఉత్తరంలో రెండు సమస్యలు కలిసిపోయి ఉన్నాయి. మొహమాటం ఒకటి, వాళ్ల పని మీరు లాగేసుకోవడం ఇంకోటి. నా లెక్కలో రెండోదే పెద్దది. మొహమాటం రోజులు గడిచేకొద్దీ తగ్గుతుంది కానీ వాళ్లు చెయ్యకపోయినా పని అయిపోతుందని ఒకసారి టీమ్‌కి అర్థమైతే ఆ అలవాటు మాన్పించడం చాలా కష్టం, పైగా మీ బాస్‌కి మీ టీమ్ బ్రహ్మాండంగా ఉన్నట్టు కనిపిస్తుంది కాబట్టి ఆయన్నుంచి సాయం కూడా రాదు.

ఈ వారమే ఆరుగురితో విడివిడిగా ఓ 20 నిమిషాలు కూర్చోండి. అందరినీ ఒకచోట నిలబెట్టి చెప్తే మాత్రం మళ్లీ నవ్వులాటే అవుతుంది. ముందు వాళ్లని మాట్లాడనివ్వండి. ఇందాక చెప్పిన ప్రోగ్రామ్‌లోనే మనుషులతో వచ్చే సమస్యలకి నాలుగు మెట్లు చెప్పేవాళ్లు: విషయం మొత్తం తెలుసుకో, ఆలోచించి నిర్ణయించు, పని జరిపించు, ఫలితం సరిచూసుకో. మొదటి మెట్టులో ఎదుటివాడి అభిప్రాయం, మనసులో ఉన్న బాధ కూడా లెక్కే. ఆ నలుగురిలో ఒకరు ఆ సీటు తనకి వస్తుందని ఆశ పెట్టుకుని ఉండొచ్చు, అది బయటికి వచ్చేదాకా మీరెన్ని చెప్పినా చెవికెక్కదు. అది విన్నాక మీ మాట కూడా దాచకుండా చెప్పండి, "మన స్నేహం ఎక్కడికీ పోదు, కానీ ఈ పని ఎప్పటికి అవుతుందని అడగడం ఇప్పుడు నా డ్యూటీ, అడుగుతాను" అని. ఒక్కసారి ఆ మాట నోటితో అనేశాక సగం బరువు దిగుతుంది.

తర్వాత కూడా నవ్వేస్తే? జరిగింది జరిగినట్టు చెప్పండి చాలు. ఎప్పుడు, ఏం చేశారు, దానివల్ల ఏమైంది. "నువ్వు బాధ్యత లేకుండా ఉన్నావ్" అంటే అది గొడవ. "నిన్న షిఫ్ట్ మారేటప్పుడు రిపోర్ట్ రాయలేదు, తర్వాత వచ్చినవాళ్లు గంటసేపు వెతుక్కున్నారు" అంటే దానికి ఎదురు చెప్పడానికేం ఉండదు, ఎందుకంటే అది మనిషి మీద మాట కాదు.

ఇంకోటి, ఆరుగురినీ ఒకేలా నడిపించాలని చూడకండి. ఇది 1969లో హెర్సీ, బ్లాంచర్డ్ అనే ఇద్దరు మేనేజ్‌మెంట్ నిపుణులు చెప్పిన ఆలోచనే: పని కొత్తైతే దగ్గరుండి ఒక్కో స్టెప్పూ చెప్పాలి, చేతికి అలవాటైన పనైతే అప్పజెప్పి పక్కకి తప్పుకోవాలి. ఒకే మనిషికి ఒక పనిలో మీరు పక్కనే ఉండాల్సి రావొచ్చు, ఇంకో పనిలో మీరు కనిపించకపోవడమే మేలు కావచ్చు.

ప్రశ్న: ట్రైనింగ్ టైమ్ అని కాగితం మీద ఉంది కానీ ప్రతివారం ఏదో ఒక అర్జెంట్ పని వచ్చి అది పోతోంది. చదువుకునేది ఇంటికెళ్లి చదువుకో అంటున్నారు మా మేనేజర్. అడిగితే బాగుంటుందా?

జవాబు: అడగాలి. ఇంగ్లాండ్‌లో ఈ టైమ్‌కి రూలే పెట్టారు, 2017 నుంచి పని గంటల్లో 20 శాతం అని ఉండేది, 2022 నుంచి 2025 దాకా ఫుల్ టైమ్ వాళ్లకి వారానికి కనీసం 6 గంటలు అని నడిచింది, అదీ జీతం ఇచ్చే పని గంటల్లోనే. రూల్ పెట్టాల్సి వచ్చిందంటేనే తెలుస్తోంది కదా, వదిలేస్తే ముందు పోయేది ఆ టైమే అని. మీ అగ్రిమెంట్‌లో ఎన్ని గంటలు రాశారో చూసుకుని, మీరూ మీ మేనేజరూ ట్రైనింగ్ వాళ్లూ ముగ్గురూ కూర్చునే రివ్యూలో ఎన్ని వారాలు పోయిందో తేదీలతో సహా చూపించండి. గొంతు పెంచక్కర్లేదు.

ప్రశ్న: అక్కా, నేను తక్కువ మాట్లాడతాను. మా బ్యాచ్‌లో అందరూ మీటింగ్‌లో గడగడా మాట్లాడేస్తుంటే నేను ఇంటికొచ్చాక అయ్యో ఇది చెప్పాల్సింది కదా అనుకుంటా. లీడర్ అంటే మాటకారి అయ్యుండాలా?

జవాబు: అవసరం లేదు తల్లీ. టీమ్‌లో నీ దగ్గరికొచ్చి "నేనో తప్పు చేశాను" అని భయం లేకుండా చెప్పగలుగుతున్నారా, అది చూసుకో ముందు. తప్పు దాచే టీమ్‌లో నష్టం చివర్లో ఒకేసారి బయటపడుతుంది, అప్పుడు ఎంత మాటకారి ఉన్నా ఏం చెయ్యలేరు. నెమ్మదిగా వినేవాళ్ల దగ్గర జనం తొందరగా నోరు విప్పుతారు, అది నీకు ముందే ఉంది. మీటింగ్ సంగతికొస్తే, వెళ్లేముందే చెప్పాల్సిన ఒక్క విషయం రాసి పెట్టుకుని మొదటి పది నిమిషాల్లోనే చెప్పెయ్, ఆలస్యమయ్యేకొద్దీ గొంతు ఇంకా బిగుసుకుంటుంది. రోజూ సాయంత్రం ఓ నాలుగు లైన్లు కూడా రాసుకో, ఏం చేశాను, వాళ్లు ఎలా తీసుకున్నారు, మళ్లీ అయితే ఏం మారుస్తాను అని. అసెస్‌మెంట్‌లో పోర్ట్‌ఫోలియో, అంటే నువ్వు చేసిన పనుల ఫైల్, ముందు పెట్టుకుని మాట్లాడమన్నప్పుడు అప్పటికప్పుడు వెతుక్కోకుండా ఆ లైన్లే నీ తరఫున మాట్లాడతాయి.

ప్రశ్న: నేను మేనేజర్‌ని. మా అప్రెంటిస్‌కి నన్ను మెంటర్‌గా వేశారు. మంచి కుర్రాడే కానీ ప్రతి చిన్నదానికీ వచ్చి ఏం చెయ్యమంటారు సార్ అంటాడు. చెప్పేస్తే రెండు నిమిషాల్లో అయిపోతుంది, చెప్పకపోతే అరగంట. ఏం చెయ్యాలి?

జవాబు: ఆ రెండు నిమిషాలు రోజుకి ఎన్నిసార్లో లెక్క వేశారా? నాకిది బాగా తెలుసు, ఎందుకంటే నేనూ చేశాను. నా దగ్గర నేర్చుకుంటున్న అమ్మాయికి ఒక కస్టమర్ ఫిర్యాదు అప్పజెప్పి, ఆమె కాస్త తడబడగానే ఫోన్ నేనే తీసుకుని మాట్లాడేశాను. పని అయిపోయింది, నేను సంతోషపడ్డాను, కానీ ఆ తర్వాత మూడు నెలలు ఆ అమ్మాయి ఏ ఫోన్ వచ్చినా ముందు నా మొహం చూసేది. ఆ చూపు నాకిప్పటికీ గుర్తే, అది నేను నేర్పిందే.

కుర్రాడు రాగానే జవాబు చెప్పకండి, అడగండి. నీకేం కావాలి, ఇప్పుడు పరిస్థితి ఏంటి, ఏమేం దారులున్నాయి, వాటిలో ఏది ఎప్పుడు చేస్తావ్. కోచింగ్ చేసేవాళ్లు గ్రో అని పిలిచేది ఈ నాలుగు మెట్లనే. మొదటి వారం నిజంగానే అరగంట పడుతుంది, ఓర్చుకోండి, కొన్నాళ్లకి వాడే రెండు దారులు ఆలోచించుకుని వస్తాడు. అయితే ప్రమాదం ఉన్న పనులు, అసలు ఎప్పుడూ చూడని పనులు ఉంటాయి కదా, అక్కడ మాత్రం ప్రశ్నలేసి ఏడిపించొద్దు, నేరుగా చేసి చూపించండి.

అన్నిటికంటే ముందు వాడికి సొంతంగా ఒక పని ఇవ్వండి. చిన్నదే అయినా మొదటి నుంచి చివరిదాకా వాడిదే అయ్యుండాలి, అందులో తప్పు జరిగితే సరిదిద్దుకునే టైమ్ ఉండాలి. వారానికోసారి కూర్చుని మాట్లాడండి, మధ్యలో వేలు పెట్టకండి. వేలు పెట్టాలనిపించినప్పుడు లేచి కాసేపు బయట నడిచి రండి, నేను ఇప్పుడు అదే చేస్తున్నా.