ఫోన్‌లో ‘డెలివర్డ్’ అని ఉంది, ఇంటికి వస్తువు రాలేదు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మా నాన్నగారి కోసం ఆన్‌లైన్‌లో వినికిడి యంత్రం ఆర్డర్ పెట్టాను. 18,500 రూపాయలు డెబిట్ కార్డుతో ముందే కట్టేశాను. వస్తుందన్న రోజు మధ్యాహ్నం నేను ఆఫీసులో ఉండగా ఫోన్ వచ్చింది. ‘మేడమ్, గేటు దగ్గరున్నాను, ఓటీపీ చెప్పండి’ అన్నాడు. నాన్న తీసుకుంటారు కదా అని చెప్పేశాను. సాయంత్రం వెళ్లి అడిగితే ఎవరూ రాలేదన్నారు. తనకు బెల్లు వినపడదని ఆయన మధ్యాహ్నమంతా వరండాలోనే కూర్చున్నారు. యాప్‌లో మాత్రం ‘డెలివర్డ్’ అని ఉంది. కస్టమర్ కేర్‌కి ఏడెనిమిది సార్లు చేశాను. ఓటీపీ చెప్పారు కాబట్టి అందినట్టే, పైగా ఏడు రోజుల రిటర్న్ గడువు కూడా దాటిపోయింది అంటున్నారు. ఇప్పటికి పద్దెనిమిది రోజులైంది. ఓటీపీ చెప్పడం నా తప్పే. ఇక ఆ డబ్బు మీద ఆశ వదులుకోవాల్సిందేనా?
- ఒక పాఠకురాలు

జవాబు: వదులుకోకండమ్మా. ముందుగా ఆ రిటర్న్ గడువు సంగతి చెబుతాను, ఎందుకంటే ఈ మాట విని వెనక్కి తగ్గినవాళ్లను చాలామందిని చూశాను. రిటర్న్ గడువు అనేది వస్తువు చేతికి వచ్చాక, నచ్చకనో పాడైపోయో తిరిగి పంపేవాళ్లకు పెట్టింది. మీకు అసలు రానిదాన్ని ఎలా తిరిగి పంపుతారు? మీ ఫిర్యాదు వేరు: డబ్బు తీసుకున్నారు, వస్తువు ఇవ్వలేదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం ఇలాంటి ఫిర్యాదుకు, కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంది. వాళ్ల ఏడు రోజులు దాన్ని తగ్గించలేవు.

ఇక ఓటీపీ. దాన్ని దాచకండి. ‘నేనెవరికీ చెప్పలేదు’ అని రాస్తే రేపు కాల్ రికార్డు బయటికి వచ్చినప్పుడు మీరు చెప్పే నిజాలు కూడా ఎవరూ నమ్మరు. జరిగింది జరిగినట్టే రాయండి. మీరు ఫోన్‌లో ఒక నంబరు చెప్పారు, అంతవరకే ఓటీపీ రుజువు చేస్తుంది. పార్సెల్ ఎవరి చేతికి ఇచ్చారో, ఎక్కడ ఇచ్చారో అది చెప్పదు. అయితే వాళ్ల దగ్గరున్న బలమైన కాగితం అదే కాబట్టి, దానికి ఎదురుగా పెట్టడానికి మీ దగ్గర ఏదో ఒకటి ఉండాలి.

అందుకే మిగతావన్నీ పక్కన పెట్టి ఈ రోజే ఒక పని చేయండి. మీ గేటు వైపు చూసే కెమెరా మీ భవనానిదో ఎదురింటిదో ఉంటే, ఆ రోజు మధ్యాహ్నం రికార్డు అడగండి. చాలా చోట్ల పాతది చెరిగిపోయి దాని మీద కొత్తది రికార్డవుతూ ఉంటుంది. పద్దెనిమిది రోజులంటే ఇప్పటికే ఆలస్యం, అయినా అడగండి. వాచ్‌మన్ దగ్గర రిజిస్టర్ ఉంటే ఆ పేజీ ఫొటో తీసుకోండి. డెలివరీ అబ్బాయి కాల్ వచ్చిన టైము, నంబరు మీ ఫోన్‌లో ఉంటాయి, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. యాప్‌లో ఆర్డర్ పేజీ, ‘డెలివర్డ్’ అని చూపించిన టైము కూడా.

తర్వాత ఫోన్లు మానేయండి. ఎన్నిసార్లు మాట్లాడినా మీ చేతిలో కాగితం మిగలదు. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ప్రతి సంస్థా తన గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) పేరు, హోదా, సంప్రదించే వివరాలు సైట్‌లో పెట్టాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. ఆ ఆఫీసర్‌కి ఈమెయిల్ పెట్టండి. కోపం, బాధ అన్నీ రాయాలనిపిస్తుంది, నాకు తెలుసు. కానీ ఈ నాలుగు వాక్యాలు చాలు:

‘ఫలానా నంబరు ఆర్డర్ నాకు గానీ మా ఇంట్లో ఎవరికీ గానీ అందలేదు. ఫలానా తేదీ ఇన్ని గంటలకు వచ్చిన కాల్‌లో, గేటు దగ్గర ఉన్నానని చెప్పినందువల్ల ఓటీపీ చెప్పాను. డెలివరీ ఫొటో, ఆ సమయానికి డెలివరీ సిబ్బంది ఉన్న లొకేషన్, తీసుకున్నవారి పేరు లేదా సంతకం పంపండి. అవి చూపలేకపోతే 18,500 రూపాయలు నేను కట్టిన కార్డుకే తిరిగి జమ చేయండి.’

ఈ మూడో వాక్యం చాలా ముఖ్యం. నాకే ఒకసారి పుస్తకాల పార్సెల్ ఇలా రాకుండా పోయింది. రెండు వారాలు ఫోన్‌లో బతిమాలాను. చివరికి డెలివరీ ఫొటో పంపమని రాతపూర్వకంగా అడిగాను. వచ్చిన ఫొటోలో పార్సెల్ ఒక ఇనుప గేటు ముందు ఉంది. మేముండేది రెండో అంతస్తులో, మా తలుపు చెక్కది. నా తలుపు ఫొటో తీసి పక్కన పెట్టి పంపితే నాలుగో రోజున డబ్బు వచ్చింది.

అదే ఈమెయిల్‌లో అమ్మకందారు పూర్తి చిరునామా, ఈమెయిల్ కూడా అడగండి. కొన్నాక వినియోగదారు రాతపూర్వకంగా అడిగితే మార్కెట్‌ప్లేస్ సంస్థ, అంటే వేరే అమ్మకందారుల వస్తువులు తన యాప్‌లో అమ్మించే సంస్థ, ఆ వివరాలు ఇచ్చి తీరాలి. రేపు కేసు వేయాల్సి వస్తే ఇద్దరినీ చేర్చడానికి అవి కావాలి.

ఈమెయిల్ పంపిన వెంటనే, జవాబు కోసం నెలంతా ఎదురుచూడకుండా, మీ బ్యాంకుకి వెళ్లి చార్జ్‌బ్యాక్ అడగండి, అంటే కార్డుతో కట్టిన డబ్బును బ్యాంకు ద్వారా వెనక్కి రప్పించుకోవడం. డెబిట్ కార్డుకీ ఇది ఉంది. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ఫారంలో ‘మోసం జరిగింది’ అని రాస్తారు. బ్యాంకు దాన్ని కార్డు దుర్వినియోగం కింద చూసి, కార్డు వాడింది మీరే కదా అని తిప్పి పంపేస్తుంది. మీరు ‘కొన్న వస్తువు అందలేదు’ అనే కారణం రాయండి. సంస్థకు పంపిన ఈమెయిల్ కాపీ జత చేయండి. దీనికి గడువు కార్డు కంపెనీ నియమాలను బట్టి ఉంటుంది. వీసాలో వస్తువు రావాల్సిన తేదీ నుంచి మామూలుగా 120 రోజులు. కానీ బ్యాంకుకీ పని చేసుకునే టైము కావాలి కదా, అందుకని ఈ వారమే వెళ్లండి.

1915కి ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్లు తీర్పు ఇవ్వలేరు, మీ ఫిర్యాదు సంస్థకు పంపి మధ్యవర్తిగా ఉంటారు. నా అనుభవంలో సగం గొడవలు అక్కడే తేలిపోయాయి.

అక్కడా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. సంస్థ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా, మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయొచ్చు. అయిదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేసుకోవచ్చు. తీర్పుకి నెలలు పట్టవచ్చు, అది దాచి చెప్పడం నాకిష్టం లేదు. కానీ నోటీసు అందగానే డబ్బు తిరిగి ఇచ్చేసిన సంస్థలు కూడా ఉన్నాయి.

ఇంకో మాట. డబ్బు వచ్చాకే ఇంకోటి కొందామని నాన్నగారిని వినపడకుండా ఉంచకండి. ఈసారి ఆడియాలజిస్టు (వినికిడి నిపుణుడు) దగ్గర పరీక్ష చేయించి తీసుకోండి. ఆయన చెవికి ఎంత శబ్దం కావాలో చూసి అక్కడే సరిచేసి ఇస్తారు.

ప్రశ్న: నాకు రావాల్సిన కుర్చీ రాలేదు. రిఫండ్ ఇస్తామన్నారు గానీ, డబ్బు వాళ్ల వాలెట్‌లో వేస్తామంటున్నారు. మళ్లీ అక్కడ కొనే ఉద్దేశం నాకు లేదు.
- ఒక పాఠకుడు

జవాబు: ఒప్పుకోకండి. మీరు ఏ మార్గంలో కట్టారో ఆ మార్గంలోనే రిఫండ్ రావాలని పేమెంట్ అగ్రిగేటర్లకు (మన డబ్బు తీసుకుని అమ్మకందారుకు చేర్చే సంస్థలకు) రిజర్వ్ బ్యాంకు పెట్టిన నియమం. కొనుగోలుదారు ప్రత్యేకంగా ఒప్పుకుంటేనే వేరే మార్గం. అందువల్ల యాప్‌లో ‘వాలెట్‌కి వెంటనే’ అన్న బటన్ నొక్కకండి, అది నొక్కితే మీరు ఒప్పుకున్నట్టే. ‘నేను కట్టిన ఖాతాకే పంపండి’ అని రాతపూర్వకంగా పెట్టండి.

ప్రశ్న: పార్సెల్ రాలేదని కస్టమర్ కేర్ నంబరు నెట్‌లో వెతికి చేశాను. రిఫండ్ పంపుతున్నాం, యూపీఐ పిన్ కొట్టండి అన్నారు. కొట్టగానే ఇంకో 9,000 పోయాయి. ఇంట్లో చెప్పడానికి భయంగా ఉంది.
- ఒక విద్యార్థి

జవాబు: బాబూ, ఈ ఉత్తరం నాకు చేరేలోపు చాలా గంటలు గడిచిపోయాయి, అదే నా బాధ. ఇది చదవగానే 1930కి ఫోన్ చెయ్. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ అది. డబ్బు ఆ దొంగ ఖాతాలోంచి ఇంకో చోటికి వెళ్లకముందే ఆపగలిగితే తిరిగి వచ్చే అవకాశం ఉంటుంది. లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకో. బ్యాంకుకి కూడా వెంటనే చెప్పు. డబ్బు తీసుకోవడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, పంపడానికే కావాలి. కస్టమర్ కేర్ నంబరు ఆ యాప్ లోపలే వెతుక్కోవాలి. స్క్రీన్ షేర్ చేసే యాప్ ఏదైనా వాళ్లు వేయించి ఉంటే ఇప్పుడే తీసేసి, పిన్ మార్చెయ్. ఇంట్లో ఈ రాత్రికే చెప్పు. అమ్మతోనో నాన్నతోనో చెప్పి, 1930కి చేసేటప్పుడు వాళ్లను పక్కన కూర్చోబెట్టుకో. నీ రాకపోయిన పార్సెల్ ఫిర్యాదు వేరే విషయం, దానికి పైన రాసిన దారే.