షెడ్డులో రెండేళ్లు, లింటెల్ దగ్గర ఆగిన ఇల్లు

ప్రశ్న: మాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. నా వయసు 36. మావారు తొమ్మిదేళ్లు గల్ఫ్‌లో పనిచేసి తిరిగొచ్చారు. అప్పటిదాకా నేను పిల్లలతో కరీంనగర్‌లో అద్దె ఇంట్లో ఉండేదాన్ని. ఊళ్లో మామయ్య పేరు మీదున్న ఐదు గుంటల జాగలో ఇల్లు మొదలుపెట్టాం. అద్దె మిగులుతుందని అక్కడే రేకుల షెడ్డు వేసుకుని అందులోకి మారాం. గోడలు లింటెల్ దాకా లేచాక డబ్బులు అయిపోయాయి. ఇప్పటికి రెండేళ్లు. పాప ఎనిమిదో తరగతి, బాబు మూడో తరగతి. స్నానానికి నాలుగు కర్రలు పాతి ఫ్లెక్సీ కట్టుకున్నాం. బాత్రూమ్‌కి మామయ్య వాళ్లింటికి వెళ్లాలి. కరెంటు కూడా వాళ్లింటి నుంచే వైరు లాగాం. మావారికి ఎలక్ట్రీషియన్ పని మీద నెలకు 20 వేల దాకా వస్తాయి. చేతిలో డబ్బులు పడితే ఒక ట్రాక్టర్ ఇసుకో, కంకరో తెచ్చి పోస్తారు. మొన్న ఒక ఫంక్షన్‌లో మా ఆడబిడ్డ అందరి ముందూ "ఇంకా షెడ్డులోనేనా?" అంది. ఆ రాత్రి నుంచి రెండు రూపాయల వడ్డీకి 4 లక్షలు తెచ్చి స్లాబ్ వేస్తానంటున్నారు, లేదంటే మళ్లీ దుబాయ్ పోతానంటున్నారు. కరీంనగర్ వెళ్లిపోదాం అంటే రెండు రోజులు మాట్లాడరు. తాగరు, చెయ్యి చేసుకోరు. నాకే రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఇల్లు పూర్తయ్యేదాకా పిల్లల్ని తీసుకుని మా అమ్మ వాళ్లింటికి వెళ్లిపోతే తప్పా?

జవాబు: అమ్మా, తప్పు కాదు. కానీ "ఇల్లు పూర్తయ్యేదాకా" అన్నారు చూడండి, ఆ మాట దగ్గరే నాకు భయం వేసింది. అది ఎప్పటికి పూర్తవుతుందో మీకూ తెలియదు, ఆయనకూ తెలియదు. తిరిగొచ్చే తేదీ లేకుండా పుట్టింటికి వెళ్తే ఊళ్లో దానికి వేరే పేరు పెడతారు. ఆ పేరు ముందుగా పిల్లల చెవిన పడుతుంది.

షెడ్డులో ఉండటం అవమానమేమీ కాదు. మన పల్లెల్లో పాత ఇళ్లన్నీ ఇలా లేచినవే. ముందు ఒక అర్ర, పంట బాగా వచ్చిన ఏడు పక్కన వంటిల్లు, ఇంకో ఏడు ముందుకు వసారా. మా అమ్మ కాపురానికి వచ్చిన ఇంటికి వీధి తలుపు లేదట. నాలుగేళ్లు తడికె కట్టుకున్నారు. ప్రభుత్వం ఇచ్చే ఇందిరమ్మ ఇంటికి కూడా ఆ 5 లక్షలు ఒకేసారి చేతిలో పెట్టరు, పని సాగినకొద్దీ నాలుగు విడతల్లో ఇస్తారు. మెల్లగా కట్టుకోవడంలో తప్పు లేదు. మీ ఇంట్లో వచ్చిన చిక్కల్లా తర్వాత ఏ పని చెయ్యాలో ఇద్దరూ కూర్చుని ఒక్కసారి కూడా అనుకోకపోవడం. ఆయన ఇసుక తెస్తారు, మీరు ఆ ఇసుక వంక చూసి బాత్రూమ్ గురించి ఆలోచిస్తారు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఆ ఫ్లెక్సీ. పదమూడేళ్ల పిల్ల, గాలికి కొట్టుకునే ఫ్లెక్సీ చాటున స్నానం. నెలసరి రోజుల్లో తాతగారింటిదాకా నడక. తనకు ఇబ్బందిగా ఉందని ఆ పిల్ల నోరు తెరిచి చెప్పదు. నీళ్లు తక్కువ తాగుతుంది, తెల్లారకముందే లేస్తుంది, స్నేహితురాళ్లను ఇంటికి రానివ్వదు. ఇవి మీరు గమనించే ఉంటారు. అందుకే స్లాబ్ కన్నా ముందు బాత్రూమ్, మరుగుదొడ్డి. నాలుగు గోడలు, పైన రేకు, లోపలి నుంచి గడియ పడే తలుపు, ఒక బల్బు. సెప్టిక్ ట్యాంకు ఖర్చు మోయలేమనుకుంటే సిమెంటు రింగులు దింపి రెండు గుంతల మరుగుదొడ్డి కట్టుకోవచ్చు. ఒకటి నిండితే రెండోది వాడుకుంటారు. బోరుంటే దానికి దూరంగా తవ్వించండి. స్వచ్ఛభారత్ కింద ఇంటి మరుగుదొడ్డికి 12 వేలు సాయం ఇస్తూ వచ్చారు, ఇప్పుడు వస్తుందేమో పంచాయతీ కార్యదర్శిని కలిసి అడగండి. ఆ డబ్బు వచ్చేదాకా మాత్రం పని ఆపకండి. రేపు తెచ్చే ఇసుక డబ్బులు ఈ పనికి పెట్టమని మీవారిని అడగండి. ఇల్లు ఎప్పటికైనా పూర్తవుతుంది, పాపకు ఈ వయసు మళ్లీ రాదు.

ఇక మీవారి గురించి. తొమ్మిదేళ్లు గల్ఫ్‌లో ఉన్నారన్నారు. అక్కడి క్యాంపుల్లో ఒక్కో గదిలో ఎంతమంది సర్దుకుంటారో, మంచం చుట్టూ దుప్పటి కట్టుకుని అదే తన ఇల్లనుకుని ఎలా గడుపుతారో తిరిగొచ్చిన వాళ్ల నోట చాలాసార్లు విన్నాను. అలా బతికొచ్చిన మనిషికి సొంత జాగలో, భార్యాపిల్లల మధ్య, రేకుల షెడ్డు కూడా సుఖంగానే ఉంటుంది. మీరేమో గట్టున్న వంటగది, కుళాయి, మేడ మీద బట్టలారేసుకునే తీగ వదిలి వచ్చారు. పైగా ఆయన పొద్దున పనికి వెళ్తే సాయంత్రానికి వస్తారు, మే నెల మధ్యాహ్నం ఆ రేకుల కింద ఉండేది మీరు. ఆయనకు అర్థం కాక కాదు, ఆ ఎండ వేళ ఆయన ఇంట్లో ఉండరు. ఒక సెలవు రోజు మధ్యాహ్నం ఆయన్ని అక్కడే భోంచేసి పడుకోమనండి. దెప్పడానికి కాదు, చూడటానికి.

కరీంనగర్ వెళ్దాం అన్నప్పుడు మాట్లాడటం మానేస్తున్నారంటే ఆయనకు అది "నువ్వు ఓడిపోయావు" అన్నట్టు వినపడుతోందని నాకనిపిస్తోంది. గల్ఫ్ నుంచి వచ్చిన మనిషి అంటే మేడ కడతాడని ఊరు ఊరంతా చూస్తుంది. చెల్లెలి మాట ఆయనకు తగిలింది అక్కడే. అందుకే ఈ మాట రాత్రి అలసిపోయి వచ్చినప్పుడు ఎత్తకండి, అత్తామామల ముందు అసలు వద్దు. ఒక ఆదివారం పొద్దున్నే ఇద్దరూ ఆ గోడల మధ్యకు వెళ్లండి. గిలాబా లేని గోడ మీద సుద్దముక్కతో రాయండి: ముందు ఏ పని, ఎంత అవుతుంది, ఏ నెలకు. మూడు పనులకు మించి రాయొద్దు. లెక్క పుస్తకం మీ చేతిలో ఉండాలి.

రెండు రూపాయల వడ్డీ మాత్రం వద్దని గట్టిగా చెప్పండి. 4 లక్షలకు నెలకు 8 వేలు, ఏడాదికి 96 వేలు, అదీ అసలు అలాగే ఉండగా. 20 వేల సంపాదనలో 8 వేలు వడ్డీకే పోతే స్లాబ్ కింద కూర్చుని ఏం తింటారు? ఆ అప్పు తీర్చడానికే మళ్లీ దుబాయ్ పోవాల్సి వస్తుంది. అంటే ఆయన చెప్తున్న రెండు దారులూ ఒక్కటే. డబ్బు అవసరమైతే మీ మహిళా సంఘం ద్వారా బ్యాంకు లోన్ ఎంత వస్తుందో అడగండి. అదీ స్లాబ్ మొత్తానికి కాదు, గోడ మీద రాసుకున్న ఒక్క పనికి సరిపడా.

దుబాయ్ మాట కోపంలో తేల్చేది కాదు. పిల్లలకు నాన్న దొరికి రెండేళ్లే అయింది.

స్లాబ్ లేకుండా ఇంట్లోకి వెళ్లే మార్గం ఒకటుంది, చాలామంది చేస్తున్నదే. ఉన్న గదుల్లో రెండింటికి మాత్రం గోడలు ఇంకో మూడడుగులు లేపి, ఒకవైపు వాలు ఉంచి, ఇనుప పైపుల మీద రేకులు వేయడం. ఇప్పుడు షెడ్డు మీదున్న రేకులే విప్పి అక్కడికి మార్చొచ్చు. ఈదురుగాలికి లేచిపోకుండా ప్రతి రేకునూ పైపుకు హుక్కులతో బిగించాలి. కింద తాండూరు బండలు, రెండు కిటికీలు, తలుపు. వేసవిలో రేకు మీద సున్నం కొట్టి, కింద తడికె కడితే వేడి కొంత తగ్గుతుంది. గోడల మధ్య నిద్రపోతే మీకు ఇల్లనిపిస్తుంది. మేస్త్రీకి ఇప్పుడే చెప్పి ఉంచండి, రేపు స్లాబ్ వేసేది ఈ గోడల మీదేనని. పిల్లర్ల చువ్వలు రెండేళ్లుగా వానకు తడుస్తున్నాయి కాబట్టి, తుప్పు గీకించి సిమెంటు పాలు పూయించమనండి. ఇసుక, కంకర ముందే తెచ్చుకున్నా పర్లేదు గానీ సిమెంటు మాత్రం వద్దు, మూడు నెలలు దాటితే బలం తగ్గుతుంది. ఇటుకల కుప్ప షెడ్డుకు ఆనుకుని ఉంటే దూరంగా పేర్చించండి, తేళ్లు చేరేది అక్కడే.

వైరు సంగతి ఎలక్ట్రీషియన్‌కు నేను చెప్పేదేముంది, కానీ పరాయి ఇళ్లకు భద్రంగా చేసేది సొంత షెడ్డుకు వాయిదా వేయడం చాలామంది దగ్గర చూశాను. వానలు మొదలయ్యేలోగా మీ పేరున మీటర్ పెట్టించుకోండి.

జాగ ఇంకా మామయ్య పేరు మీదే ఉంది. ఆయన మంచివారే కావచ్చు. అయినా గోడ మీద మరో ఇటుక పడకముందే ఆ ఐదు గుంటలూ మీ ఇద్దరి పేర్ల మీద రిజిస్టర్ చేయించమని మీవారి చేత అడిగించండి. ఆడబిడ్డ ఉన్న ఇంట్లో ఈ పని మామయ్య బతికుండగా జరిగితే అందరికీ ప్రశాంతం.

నిద్ర సంగతి చిన్నగా తీసుకోకండి. రెండు వారాలు దాటినా ఇలాగే ఉంటే డాక్టర్‌ను కలవండి. ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీమానస్ ఫోన్ నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు. మీ ఆడబిడ్డ మళ్లీ అడిగితే "అవును, షెడ్డులోనే ఉన్నాం, అప్పు లేదు" అనండి చాలు. ఆ మాట మీవారి ముందే అనండి.

అమ్మగారింటికి వెళ్లాల్సిన రోజు వస్తుంది. స్లాబ్ వేసినప్పుడు. రేకులు విప్పేస్తారు, గదుల నిండా సెంట్రింగ్ కర్రలు ఉంటాయి, నీళ్లు కట్టి క్యూరింగ్ చెయ్యాలి, రెండు మూడు వారాలు అందులో ఉండలేరు. వేసవి సెలవుల్లో పెట్టుకోండి, పిల్లల బడి పోదు. వెళ్లేటప్పుడే తిరిగొచ్చే తేదీ మీ అమ్మగారికి చెప్పండి. ఆ మూడు వారాలూ పొద్దున, సాయంత్రం స్లాబ్ మీద నీళ్లు పోసే పని మాత్రం మీవారిదే.